కొసరు బొమ్మలు – బాల్యస్మృతి

ఇటీవలి రెండు దశాబ్దములలో మన పత్రికల ఆదివారపు పుటలయందును, స్వీయచరిత్రలయందును ఒక విధమైన రచన మిక్కిలిగా పెంపొందినది. వయస్సు నలువది దాటినవారు తమ చిన్ననాటి వస్తువులను తలచుకొని వ్రాయు రచన యిది. ఊరు, చెరువు, బడి, పండుగ మొదలైన పాత సామగ్రితోపాటు ఇందు క్రొత్త సామగ్రి యొకటి చేరినది: దుకాణమున కొన్న సరకు పొట్లములో ఉచితముగా వచ్చిన బొమ్మ, ఆటగాని చిత్రము గల అట్ట, ఆ సరకును గూర్చి రేడియోలోను టెలివిజనులోను మాటిమాటికి వినవచ్చిన ప్రకటన. ఇవి సాహిత్య విమర్శకు తగిన విషయములా యని పెద్దలు కొందఱు సంశయింపవచ్చును. తగినవే యని మా యభిప్రాయము. ఈ రచనలను చదువువారు చాలమంది కలరు. కాని వానిని తూచుటకు మనయొద్ద తూనికఱాళ్లు లేవు. మెచ్చువారు తమకును అది గుర్తున్నదని మెచ్చుచున్నారు. నిరసించువారు అది వర్తకుని గాలమని నిరసించుచున్నారు. ఈ రెండింటిలో దేనిని విమర్శ యనుటకు వీలులేదు.

ఈ విధమైన తలపోతకు పుట్టినిల్లు పడమటి దేశములు. అచ్చట ఉదయాహారము పెట్టెలో వచ్చును. మొక్కజొన్న అటుకుల వంటి పదార్థమును చల్లని పాలలో వేసికొని తినుట ఇంగ్లండు, అమెరికాలలో ఇంటింటి యాచారము. 1909లో అమెరికాలోని కెలాగ్ సంస్థ తన అటుకుల పెట్టెలు రెండు కొన్నవారికి కదలు బొమ్మల పుస్తకము నొకదానిని ఇచ్చెను. తల్లి చేతి సంచిలోనికి సరకును చేర్చుటకు పిల్లవాని పట్టుదల చాలునని వర్తకులు అప్పటినుండి గట్టిగా గ్రహించిరి. ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆటగాండ్రు ఈ పెట్టెలపైకిని ప్రకటనలలోనికిని ఎక్కిరి. 1970లో మెక్సికోలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినపుడు ఎస్సో సంస్థ పెట్రోలు కొన్నవారికి ఇంగ్లండు ఆటగాండ్ర ముఖములు గల నాణెముల వంటి బిళ్లల నిచ్చెను. ఇటలీలోని పనీని సంస్థ ఆ పోటీలకే చిత్రములు అంటించుకొను పుస్తకమును వెలువరించెను. అచ్చటి నడివయస్సువారు నేడు ఆ యటుకుల రుచిని గూర్చి వ్రాయుట తక్కువ. తమకు ఎంత వెదకినను దొరకక పోయిన ఒక ఆటగాని చిత్రమును గూర్చి వ్రాయుట ఎక్కువ. ఈ సంగతి ముందు మనకు పనికివచ్చును.

మన సీమలో ఇట్టి స్మృతికి సాక్ష్యము వెదకుటకు మేము చివ్వెంల ప్రాంతమును గైకొనుచున్నాము. చివ్వెంల సూర్యాపేటకు చేరువనున్న మండల కేంద్రము. 2016 అక్టోబరు 11 వఱకు నల్లగొండ జిల్లాలోనిది. నాటినుండి క్రొత్త సూర్యాపేట జిల్లాలోనిది. మండలములోని దురాజ్‌పల్లి ప్రక్కగా హైదరాబాదు–విజయవాడ రహదారి పోవుచున్నది. సూర్యాపేటకు రైలు లేదు. కావున పట్టణపు సరకైనను, పట్టణపు మాటయైనను ఈ పల్లెలకు రోడ్డు మీదనే రావలసియుండెను. 1980లలోను 1990లలోను పిల్లలైయున్నవారి ఉదయాహార మిచ్చట పెట్టెలోనిది కాదు. రాత్రి మిగిలిన సద్ది, లేదా జొన్నగటక. కూలికి పోవు తల్లి ప్రొద్దున్నే పొయ్యి వెలిగించిన నాడు వేడి గటక. లేని నాడు సద్దిలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. కెలాగ్ సంస్థ 1994లో భారతదేశమునకు వచ్చినపుడు మనవారు అలవాటు చొప్పున ఆ యటుకులపై వేడిపాలు పోయగా అవి మెత్తబడి చెడిపోయిన కథ వాణిజ్యశాస్త్ర విద్యార్థులు నేటికిని చదువుచున్నారు. ఇట్టి తావున అటుకుల పెట్టెను గూర్చిన తీపి జ్ఞాపకములు ఉండవు; ఉన్నవని వ్రాసినచో అది అనువాదము.

అయినను కొసరు బొమ్మలు ఇచ్చటికిని వచ్చినవి, వేఱొక త్రోవను. బినాకా పళ్లపేస్టు పెట్టెలో చిన్ని ప్లాస్టిక్కు జంతువులు వచ్చెడివి. 1952లో రేడియో సిలోనులో అమీన్ సయానీ కంఠమున మొదలైన బినాకా గీత్‌మాలా ఆ పేరును హిందీ తెలియని యిండ్లకును చేర్చినది. ఆ తరువాత బబుల్‌గమ్. 1987లో మన దేశమున ప్రపంచ క్రికెట్ పోటీలు జరిగిన కాలమున బిగ్ ఫన్ అను బబుల్‌గమ్ బిళ్లతోపాటు ఆటగాని చిత్రము గల అట్ట వచ్చెడిది. అందు పరుగులో వికెట్లో ముద్రింపబడి యుండెడివి. వానిని కూడబెట్టినవారికి బహుమానములు. గోల్డ్‌స్పాట్ మూతల లోపల జంగిల్ బుక్ జంతువుల చిత్రములు ఉండెడివి. థమ్స్ అప్ మూతలు కూడబెట్టి యిచ్చినవారికి, పుటలను చకచక త్రిప్పినచో ఆటగాడు బంతిని కొట్టునట్లు కనబడు చిన్ని పుస్తకములు దొరకెడివి. 1999లో బ్రిటానియా బిస్కత్తు పొట్లములపై పరుగుల అంకెలు వేసి, నూఱు పరుగులు కూర్చినవారిలో కొందఱిని ఇంగ్లండులోని ప్రపంచ పోటీలకు పంపుదుమని చాటినారు. పడమట ఫుట్‌బాల్ నిలిచిన చోట మనకు క్రికెట్ నిలిచినదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

వీనికి పూర్వరంగముగా ఇంకొకటి యుండెను. అది ఏ వర్తకుడును పిల్లల కొఱకు చేసినది కాదు. అగ్గిపెట్టెల మీది పటములు, సిగరెట్టు పెట్టెల అట్టలు చింపి పిల్లలు కూడబెట్టెడివారు. హైదరాబాదులోని వజీర్ సుల్తాన్ పొగాకు సంస్థ వారి చార్మినార్ పెట్టె తెలంగాణమున ఎల్లచోట్ల దొరకెడిది గావున ఆటలో దాని విలువ తక్కువ. అరుదుగా, కారులలో పోవువారు మాత్రమే పాఱవైచు పెట్టెకు విలువ ఎక్కువ. ఈ విలువలను నిర్ణయించినవారు పిల్లలే. ధర యెంత యని గాక, మా ఊరికి ఎంత అరుదుగా వచ్చును అని లెక్క. అర్థశాస్త్రమున దీనికి పెద్ద పేరుండవచ్చును. గోటీలాట, చిర్రగోనె ఆడు పిల్లలకు అది పేరక్కఱలేని న్యాయము.

ఇంతవఱకు వస్తుపరిచయము. ఇక విచారణ. ఈ రచనలన్నింటికి ప్రాణము స్మృతి. మన లాక్షణికులు స్మృతిని ఎచ్చట నుంచిరో ముందు చూడవలెను. భరతుడు దానిని ముప్పదిమూడు వ్యభిచారిభావములలో నొకటిగా లెక్కించినాడు. ఎనిమిది స్థాయిభావములలో దానికి చోటులేదు. అనగా స్మృతి తాను రసముగా పరిణమింపజాలదు. రతినో శోకమునో ఉత్సాహమునో పోషించుటకు అల వలె వచ్చి పోవలెను. తలయూచుట, క్రిందికి చూచుట, కనుబొమలెత్తుట దాని అనుభావములని భరతుడు చెప్పినాడు. నేటి జ్ఞాపక వ్యాసములను చదువు పాఠకుడు చేయుపని సరిగ్గా ఇదియే: తలయూచును, కనుబొమ లెత్తును, పుట త్రిప్పును. అంతకంటె ఏమియు జరుగదు. స్థాయి లేనిచోట వ్యభిచారి ఏమి చేయగలదు?

స్మృతికి విభావములుగా భరతుడు చెప్పినవానిలో సమానదర్శనము, చింత, అభ్యాసము అనునవి కలవు. ఈ మూడింటి భేదము ఈ చర్చలో మిగుల ముఖ్యము. సమానదర్శనమున ఒక వస్తువు మఱియొక వస్తువును తెచ్చును. చింతచే మనస్సు తనంత వెదకుకొనును. అభ్యాసముచే, పలుమాఱు వినుటచే, వలదన్నను నిలుచును. ప్రకటన పనిచేయునది ఈ మూడవ త్రోవను. బూస్టు అను పానీయమే తన శక్తి రహస్యమని 1980లలో కపిల్‌దేవ్, తరువాత సచిన్ టెండూల్కర్ టెలివిజనులో ఇంగ్లీషున చెప్పెడివారు. ఆ యింగ్లీషు వాక్యము ఏబీసీడీలు రాని పిల్లలకును నోటికి వచ్చియుండెను. ఆ పానీయమును జన్మలో త్రాగనివారు, ఆ మాటలలో నొక్కదాని కర్థము తెలియనివారు బడిలో పరుగు పందెమున గెలిచి దానిని మంత్రము వలె పలికెడివారు. ఇది అనుభవజన్యమైన స్మృతి కాదు, అభ్యాసజన్యము. నలువదేండ్ల తరువాత ఆ వాక్యము నొక వ్యాసమున నెత్తి వ్రాసినచో పాఠకుడు పులకించుట నిజమే. ఆ పులకింతలో రచయిత పాలెంత, ప్రకటనకు డబ్బు పోసినవాని పాలెంత యని విమర్శకుడు అడుగవలెను.

అనుభవజన్యమైన స్మృతి యెట్లుండునో కాళిదాసును చూడుడు. శాకుంతల నాటకపు పేరులోనే అభిజ్ఞానమున్నది. జాలరి చేపకడుపున దొరకిన ఉంగరము దుష్యంతునికి సర్వమును గుర్తుచేసినది. ఆఱవ యంకమున రాజు ఆ యుంగరమును చూచి చేసినదేమి? దాని పనితనమును వర్ణింపలేదు, అట్టి ఉంగరములు ఇపుడు రావని నిట్టూర్పలేదు. ఆమె వ్రేలినుండి ఎట్లు జాఱితివని దానిని నిందించినాడు. అతని మనస్సు శకుంతలయం దున్నది. ఉంగరము ఉద్దీపనము, శకుంతల ఆలంబనము. ఈ భేదమును ఏమఱిన రచనయే నేడు ఎక్కువ. బినాకా ఏనుగును, బబుల్‌గమ్ అట్టను ఆలంబనముగా కూర్చుండబెట్టి, తమ్ముని, దోస్తును, దుకాణపు ముసలాయనను ఉద్దీపనములుగా నిలువబెట్టుచున్నారు. రచన తలక్రిందులగుచున్నది.

మఱి ఆలంబనము ఏది? ఇచ్చట మేము మన అంగడి మాట నొకదానిని ఆశ్రయింతుము: కొసరు. కూరగాయలు తూచి యిచ్చిన తరువాత అమ్మునామె పైన వేయు రెండు పచ్చిమిరపకాయలు, కొత్తిమీర రెబ్బ కొసరు. తల్లి వెంట వచ్చిన పిల్లవాని చేతిలో కిరాణ దుకాణదారుడు పెట్టు పుట్నాలు, బెల్లపు ముక్క కొసరు. దీనికి తూకము లేదు, ధర లేదు, అయినను నియమము కలదు. అడుగవచ్చును, కొసరవచ్చును, మఱీ కొసరినచో నవ్వులపాలు. ఇచ్చువాని ముఖము తెలియును, పుచ్చుకొనువాని ముఖము తెలియును. ఉద్దెర పద్దు పెరిగిన యింటి పిల్లవానికి పుట్నాలు నాలుగు తగ్గుట కూడ పల్లెలో తెలియని సంగతి కాదు. కొసరును మఱీ పవిత్రముగా చిత్రింపరాదని ఈ మాట చెప్పుచున్నాము. అది స్నేహమును చూపును, తేడాలను సైతము చూపును.

పొట్లములోని బొమ్మ ఈ కొసరుకు యంత్రరూపము. ఇచ్చువాని ముఖము మాయమైనది. అందఱికి సమానముగా వచ్చును, ఎవ్వరికిని ప్రత్యేకముగా రాదు. ఏ బొమ్మ వచ్చునో దుకాణదారునికే తెలియదు. వానిని కొసరి లాభములేదు. కొసరునకు పట్టిన ఇంకొక గతిని గూడ చెప్పవలెను. చిల్లర లేదను నెపమున దుకాణదారులు పైసలకు బదులుగా చాక్లెట్టు చేతిలో పెట్టు అలవాటు మన ఊళ్లలో బలిసినది. తెలంగాణమున బిళ్ల యేదైనను చాక్లెట్టే. 1952లో చిత్తూరున నెలకొన్న న్యూట్రిన్ సంస్థ వారి బిళ్లలు ఈ పనికి చిరకాలము పనికివచ్చినవి. మునుపు పైకముపై నిచ్చినది ఇపుడు పైకమునకు బదులుగా నిచ్చునదైనది. మాట అదే, చేయి అదే, అర్థము తిరుగబడినది. శబ్దార్థ పరిణామమును పరిశోధించువారు ఈ యుదాహరణమును విడువరాదు.

ముఖములేని ఆ కొసరునకు పిల్లలు తిరిగి ముఖమును తెచ్చినారు. మా వాదమునకు ఇదియే కీలకము. అట్టలో వచ్చిన ఆటగాడు నాకు రెండుమాఱులు వచ్చినాడు, నీకు ఒకమాఱును రాలేదు. కావున మన మాటలు మొదలైనవి. మార్పిడి, అప్పు, అలుక, మధ్యవర్తి, పందెము — ఇవన్నియు వర్తకుడు చేసినవి కావు. వాడు చేసినది లోటు మాత్రమే. ఒకటి దొరకకుండునట్లు చేయుట వాని యెఱుక. ఆ లోటును పూరించుటకు ఒకని యింటికి ఒకడు పోవుట పిల్లల సృష్టి. ఇంగ్లండు నడివయస్సువాడు దొరకని చిత్రమును మఱవకుండుటకును హేతు విదియే. వాడు తలచుకొనునది చిత్రమును గాదు, అది యున్న పిల్లవానిని. ఆలంబనము ఆ రెండవ పిల్లవాడు.

చివ్వెంల ప్రాంతపు సాక్ష్యము ఈ యంశమును ఇంకను స్పష్టము చేయును. ఇచ్చట మూతలు కూడబెట్టిన పిల్లలలో పెక్కుమంది ఆ సీసాలు త్రాగినవారు కారు. బస్సులు, లారీలు ఆగు హోటళ్ల ముందు ప్రయాణికులు త్రాగి పాఱవైచిన మూతలను ఏరుకొనెడివారు. 1977లో కోకాకోలా దేశమును విడిచిన పిదప పార్లే వారి థమ్స్ అప్ మన తెలుగునాట ఎంత వ్యాపించినదో ఆ హోటళ్ల ముంగిళ్లే చెప్పెడివి. మూత లోపలి చిత్రమును ఎవరో ప్రయాణికుడు అప్పుడే గోకి తీసికొని యుండెడివాడు. అయినను మూత మూతయే. దానిని రాతితో చదును చేసెడివారు. రైలుపట్టాలు గల ఊళ్లలో రైలు చేయు పనిని ఇచ్చట అపుడపుడు లారీ చక్రము చేసెడిది, పెద్దల తిట్లు దానికి తోడు. చదునైన బిళ్లకు నడుమ రెండు రంధ్రములు పొడిచి దారమెక్కించి రెండు చేతుల లాగినచో అది గుయ్యి మని తిరిగెడిది. కొసరు బొమ్మ రాని పిల్లవాడు కొసరు పొట్లపు చెత్తనుండి తన బొమ్మను తాను చేసికొన్నాడు. ఈ పిల్లవాడు మన జ్ఞాపక వ్యాసములలో ఎచ్చట నున్నాడు? "మన తరము", "మన బాల్యము" అని ఉత్తమపురుష బహువచనమున వ్రాయువారు ఆ "మన"లోనికి వానిని చేర్చుకొనలేదు. వాని స్మృతికి సంస్థ పేరు లేదు, ప్రకటన పాట లేదు. ఆ కారణముననే అది ఆదివారపు పుటకు ఎక్కలేదు.

ప్రకటనకెక్కనిది జ్ఞాపకమునకును ఎక్కదనుటకు దీనికంటె పెద్ద నిదర్శనము కలదు. ఈ వ్యాసము ఫుట్‌బాల్ మాటతో మొదలైనది. మన రాజధానియే ఒకప్పుడు దేశపు ఫుట్‌బాల్ రాజధానులలో నొకటి. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచినది. ఆయన శిక్షకుడుగా భారత జట్టు 1951లో ఢిల్లీ ఏషియా క్రీడలలో స్వర్ణము, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 గోలుల తేడాతో ఓడించి మరల స్వర్ణము గెలిచినది. 1963లో ఆయన మరణించినాడు. సికింద్రాబాదు చేరువ అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులలో మేటి. 2023 ఫిబ్రవరిలో కాలధర్మము చెందినాడు. వీరి బొమ్మలు ఏ పళ్లపేస్టు పెట్టెలోను రాలేదు. బొమ్మల వర్తకము మన పల్లెలకు వచ్చునప్పటికి వీరి కాలము గతించినది. ఫలితమేమి? 1987 నాటి బబుల్‌గమ్ అట్టల మీది ఆటగాండ్రను వరుసగా చెప్పగల తెలుగువాడు రహీం పేరు చెప్పజాలడు. 2024 ఏప్రిల్‌లో "మైదాన్" అను హిందీ చలనచిత్రము వచ్చువఱకు హైదరాబాదు యువకులలోనే ఆయన పేరు వినని వారు పెక్కుమంది. సూర్యాపేట సంగతియు నిట్టిదే. ఇచ్చటి బడి మైదానముల ఆట కబడ్డీ. 2021లో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు సూర్యాపేటలోనే జరిగినవి. కబడ్డీ ఆడు పిల్లవాడు కూడబెట్టినది క్రికెట్ వీరుల బొమ్మలు. తన ఆట ఒకటి, తన స్మృతి యొకటి. అతని స్మృతిని వేఱొకరు అచ్చువేయించి పంచిపెట్టినారు.

ఇట్లనినంత మాత్రమున, ఇది యంతయు వర్తకుని మోసమని త్రోసివేయువారితో మేము ఏకీభవింపము. వారి పక్షమున బలమైన సంగతులు లేకపోలేదు. బడులలోను, బడి చుట్టు యాబది మీటరుల లోపలను మితిమీరిన కొవ్వు, చక్కెర, ఉప్పు గల తినుబండారముల అమ్మకమును, ప్రకటనను నిషేధించుచు 2020లో ఆహారభద్రతా నిబంధనలు వెలువడినవి. బోర్న్‌విటా మొదలగు పానీయములను ఆరోగ్య పానీయములను శీర్షిక క్రింద అమ్మరాదని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వశాఖ అంతర్జాల వర్తక సంస్థలకు సూచించినది. శక్తి రహస్యమును మంత్రమువలె పలికిన తరమువారు ఈ వార్తను చదివి ఏమనుకొనిరో వ్రాయదగిన విషయము. ఎవరును వ్రాసినట్లు లేదు. అయినను పిల్లలు కేవలము మోసపోయినవారు మాత్రమే యనుట వారి కల్పనాశక్తిని తక్కువ చేయుట. లారీ క్రింద మూతను పెట్టినవాడు వర్తకుని చేతిలో మోసపోయినవాడు కాడు. త్రోసివేయువారు సరకును చూచుచున్నారు, మురియువారును సరకునే చూచుచున్నారు. పిల్లవానివంక చూచువారు ఇరుపక్షముల లేరు.

ఇంకొక సంగతి. స్మృతియే ఇపుడు సరకైనది. రిలయన్సు సంస్థ కాంపా అను పాత పానీయపు పేరును కొని 2023లో మరల అంగడిలో పెట్టినది. పానీయము క్రొత్తది, పేరు పాతది. అమ్ముడగునది పేరులోని పాతదనము. ఇట్టి కాలమున, ఉచిత బొమ్మల జాబితాను ముచ్చటగా వ్రాసిన వ్యాసము తెలిసియో తెలియకయో ప్రకటనకు రెండవ ముద్రణ యగుచున్నది. మొదటి ముద్రణకైనను సంస్థ డబ్బు వెచ్చించినది.

జాబితా యను మాట వచ్చినది కావున ఈ రచనల శైలిని గూర్చి రెండు మాటలు. వీనిలో వాక్యమునకు క్రియ యుండదు. వస్తువుల పేర్లు ఒకదాని వెంట ఒకటి. తుదకు "మీకును గుర్తున్నదా" అను ప్రశ్న. దండకమునను, శతకమునను జాబితాలు లేవా యని అడుగవచ్చును. ఉన్నవి, అచ్చట ప్రతి పేరును ఒక భక్తిభావమునకో నిందాభావమునకో కట్టుబడి యుండును. ఇచ్చట కట్టు లేదు. మన భాషలో దీనికి విరుగుడు లేకపోలేదు. నామిని "పచ్చ నాకు సాక్షిగా"లో బాల్యము చిత్తూరు జిల్లా పల్లె మాటలలో వచ్చును. ఆ వస్తువులన్నియు తల్లి కష్టము వైపునకే పోవును. మహమ్మద్ ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు"లో పిల్లవాని కోరిక యెప్పుడును ఇంటి రాబడితో ఢీకొనును. నవ్వు వచ్చును, ఆ నవ్వు వెనుక తండ్రి జేబు కనబడును. ఈ రెండు గ్రంథములయందును స్మృతి వ్యభిచారిగా తన చోట తానున్నది. స్థాయి వేఱుగా నున్నది. వస్తువు చిన్నదైనను మనస్సున నిలుచుట అందువలననే. ఉచిత బొమ్మను గూర్చి ఇంత చక్కని రచన తెలుగున రాగూడదనుటకు హేతువు లేదు. బొమ్మను కొంచెము ప్రక్కకు జరిపి, దానిని ఇచ్చుపుచ్చుకొన్న చేతులను చూపినచో చాలును.

మా విభాగమున జానపద విజ్ఞానమును, బాలసాహిత్యమును పరిశోధించు విద్యార్థులు ఈ సామగ్రిని సేకరింపదలచినచో పట్టణముల పాత వస్తువుల వేలములకు పోవుటకంటె పెద్దగట్టుకు పోవుట మేలు. దురాజ్‌పల్లి వద్ద రెండేండ్ల కొకమాఱు మాఘమాసమున జరుగు లింగమంతులస్వామి జాతర, మేడారము తరువాత తెలంగాణమున అంత పెద్దదని ప్రసిద్ధి. కేసారము నుండి దేవరపెట్టె వచ్చును. గజ్జెల లాగులు తొడిగిన గొల్లలు బేరీల మ్రోతతో ఓ లింగా యని గట్టెక్కుదురు. అచ్చటి అంగళ్లలో బుగ్గలు, పీకలు, గిలకలు. ఈ బొమ్మ ఉచితము కాదు. రెండేండ్లు ఎదురుచూచి, బేరమాడి, తండ్రి భుజముపై కూర్చుండి కొనిపించుకొన్నది. ఇంటికి చేరునప్పటికి సగము పగిలియుండును. జాతర బొమ్మ జ్ఞాపకమును పొట్లపు బొమ్మ జ్ఞాపకముతో పోల్చి అడిగి వ్రాసికొన్నచో, నలువది దాటినవారు దేనిని ఏ మాటలతో చెప్పుదురో తెలియును. జాతరను గూర్చి చెప్పునపుడు "మా నాయన" అని మొదలుపెట్టుదురా, పొట్లమును గూర్చి చెప్పునపుడు సంస్థ పేరుతో మొదలుపెట్టుదురా? వాక్యమున కర్త యెవరు? బొమ్మ రాని పిల్లవాని పేరు ఎన్నవ మాటకు వచ్చును? ప్రశ్నపత్రమున "మీకు గుర్తున్న ప్రకటన యేది" అను ప్రశ్నను మొదట నుంచరాదు. అది అడిగినంతనే పాట పాడి ముగింతురు. గడచిన జాతర 2025 ఫిబ్రవరిలో జరిగినది. రెండేండ్ల లెక్కను బట్టి రాబోవునది 2027 మాఘమున. సేకరణకు పోదలచినవారు అంతకు ముందే చివ్వెంల, దురాజ్‌పల్లి, కేసారము పల్లెలలో పరిచయములు చేసికొనవలెను, జాతర నాళ్లలో అచ్చట ఎవరికిని మాటలాడుటకు తీరిక యుండదు.